తొమ్మిది గళ్ళా, రెండు ఒట్లా? ఆటలో ధర్మానికి ఏది మేలు

ఆదివారం సాయంత్రాలు సీతమ్మధారలో ఒక స్నేహితుడింట్లో ఐదుగురం చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం. తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. డీఎం, అంటే కథ చెప్పి ఆట నడిపేవాణ్ణి, నేనే. కథలో ఊరు కల్పితమే గానీ విశాఖ వాళ్ళెవరైనా ఇట్టే పోల్చేస్తారు: సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, కొమ్మున లైట్‌హౌస్, కింద రేవు. పన్నెండేళ్ళ కుర్రాడొకడు బియ్యం బస్తాకి ఆశపడి ఒక రాత్రి ఆ దీపం ఆర్పేశాడు. ఓడ రాళ్ళకి కొట్టుకుంది, దొంగలు సరుకు దోచుకుపోయారు. కుర్రాడు మావాళ్ళ చేతికి చిక్కాడు.

"కోటలో అప్పజెప్పాలి. నాది లాఫుల్ గుడ్" అన్నాడు పాలడిన్ (ధర్మయోధుడు) పాత్ర ఆడేవాడు.

"అక్కడ ఉరేస్తార్రా బాబూ. అది గుడ్డా, గాడిద గుడ్డా?" అన్నాడు దొంగ పాత్ర ఆడేవాడు.

గంట గడిచింది. బీచ్ నుంచి తెచ్చిన మురీ మిక్చర్ మెత్తబడిపోయింది. అంతసేపూ కుర్రాడి ఊసే లేదు, పాలడిన్ ఏ గడిలో ఉండాలన్నదే గొడవ. ఈ ఆటలో ప్రతి పాత్ర ధర్మానికీ ఒక గడి ఉంటుంది, దాన్నే అలైన్‌మెంట్ అంటారు: కట్టుబాటు (లా), అరాచకం (కేయాస్) ఒక వరస, మంచి (గుడ్), చెడు (ఈవిల్) ఇంకో వరస, రెంటికీ మధ్యలో న్యూట్రల్. మూడు మూళ్ళు తొమ్మిది. లాఫుల్ గుడ్ అంటే కట్టుబాటు తప్పని మంచివాడు. అందుకే ఆ రాత్రి ఇంటికెళ్ళి, ఏ పద్ధతైతే మా బల్లకి నప్పుతుందో చూద్దామని కూర్చున్నాను.

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి వచ్చినప్పుడు ఉన్నవి మూడే: లా, న్యూట్రాలిటీ, కేయాస్. అప్పట్లో అది గుణం కంటే పక్షం, అంటే యుద్ధంలో నువ్వెవరి వైపు అన్నది. మంచీచెడూ తర్వాత కలిశాయి. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి మనకి తెలిసిన తొమ్మిది గళ్ళూ తయారయ్యాయి. ఆ రోజుల్లో గడికి పళ్ళుండేవి. అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్, అంటే పాత్ర ఎక్కిన మెట్టు, పోయేది. పాలడిన్ తెలిసి పాపం చేస్తే శక్తులు పోయేవి. 2008 ఎడిషన్ తొమ్మిదిని ఐదుకి కుదించింది. 2014లో తొమ్మిదీ తిరిగొచ్చాయి గానీ పళ్ళు రాలేదు. చివరికి డిటెక్ట్ ఈవిల్ మంత్రం కూడా ఎదుటి మనిషి చెడ్డవాడా అన్నది చెప్పదు, దెయ్యాలూ పిశాచాలూ లాంటివి దగ్గర్లో ఉన్నాయా అన్నదే చెబుతుంది. ఇక ఆ గడి ఎందుకూ అంటే, "నేను కయాటిక్ న్యూట్రల్ కదా" అని తోటివాడి జేబు కొట్టేయడానికి!

నా అసలు ఫిర్యాదు వేరు. గడి, చేసిన పనికి పేరు పెడుతుందే తప్ప చెయ్యబోయే ముందు అడ్డు నిలబడదు. మావాళ్ళని కర్ణుణ్ణి ఏ గడిలో పెడతారో చెప్పమన్నాను. మూడు గళ్ళు వచ్చాయి, మూడింటికీ సాక్ష్యం దొరికింది.

అదే కర్ణుణ్ణి పెండ్రాగన్‌లో పెట్టి చూడండి. 1985 నాటి ఆట, ఆర్థర్ రాజు కాలపు నైట్ల కథలు. అందులో గుణాలు పదమూడు జంటలు: దాతృత్వం–స్వార్థం, దయ–క్రౌర్యం, ఇలా. ఒక్కో జంట మొత్తం 20. కర్ణుడికి దాతృత్వం 19 అనుకుందాం, స్వార్థం 1. మారువేషంలో వచ్చిన ఇంద్రుడు కవచకుండలాలు అడిగాడు. ఇవ్వొద్దని సూర్యుడు ముందే హెచ్చరించాడు, ఆడేవాడికీ ఇవ్వాలని లేదు. అయినా ఇరవై ముఖాల పాచిక వెయ్యాల్సిందే, 19 గానీ అంతకి తక్కువ గానీ పడితే ఇచ్చెయ్యాల్సిందే. తన గుణమే తనని ముంచడం ఇంత బాగా చూపించే ఆట నాకు ఇంకోటి తెలీదు. కాకపోతే పాత్ర పగ్గాలు పాచిక చేతికి పోతాయి. మా పాలడిన్ గాడు రెండో వారమే మానేస్తాడు.

మళ్ళీ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి వస్తే, 2014 పాత్ర షీటులో ఉన్న ఐడియల్ (ఆశయం), బాండ్ (బంధం), ఫ్లా (లోపం) మంచివే. రాసిన రోజు తప్ప మళ్ళీ ఎవరూ వాటి మొహం చూడరు, అంతే.

నేను ఎంచుకున్నది పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట దారి. 2023లో సవరించిన పుస్తకాల్లో అలైన్‌మెంట్‌ని మొత్తానికే తీసేసి, అంతకుముందు నుంచీ దేవుళ్ళకీ భక్తులకీ ఉన్న ఈడిక్ట్, అనాథెమాలకి పెద్దపీట వేశారు. ఒకటి చేసి తీరాల్సినది, రెండోది చస్తే చెయ్యకూడనిది. ఒట్టు తెలిసిన మనకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. భీష్ముడు మంచివాడా అంటే తెల్లారుతుంది, ఏమని ఒట్టేశాడంటే చిన్నపిల్లాడైనా చెబుతాడు.

రాక్షసులకి మాత్రం పాత గళ్ళే ఉంచాను. గుహలో ఎదురుపడ్డ దాని మనస్తత్వం నాకు ఒక్క మాటలో కావాలి, అక్కడ గడిని మించింది లేదు.

తర్వాతి ఆదివారం తలా రెండు ఒట్లు చీటీ మీద రాశారు. దొంగ "పిల్లలకి హాని చెయ్యను" అని రాశాడు. పాలడిన్ రాసినవి: లొంగినవాణ్ణి చావుకి అప్పగించను, అబద్ధమాడను.

కుర్రాణ్ణి వలల కుప్ప వెనక దాచారు. కోట భటుణ్ణి పంపాను. "పిల్లాడు ఇక్కడున్నాడా?"

పాలడిన్ చీటీ వైపు చూశాడు. మిగతావాళ్ళు వాడి వైపు చూశారు. ఎవరూ అలైన్‌మెంట్ ఎత్తలేదు. వాడు లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డట్టు చేతులు చాపి, "చెప్పను" అన్నాడు.

భటుడి తరఫున పాచిక నేనే వేశాను. పదిహేడు.