జకింథోస్: ఓడ ఫొటో పక్కన పెడితే చూడదగినవి

గ్రీసులోని జకింథోస్ ద్వీపం గురించి వెతికిన వారందరికీ ముందుగా కనిపించేది ఒకటే ఫొటో. చుట్టూ నిట్టనిలువు తెల్లటి కొండ, ముందు నీలి నీరు, ఇసుకలో తుప్పు పట్టి ఒరిగిన ఓడ. అది చూసి టికెట్లు కొనుక్కునే వారికి ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ ఇసుక మీద ఇప్పుడు కాలు పెట్టనివ్వడం లేదు. 2018లో కొండచరియ విరిగిపడి పర్యాటకులు గాయపడ్డారు. ఆ తర్వాత కూడా రాళ్లు జారుతూనే ఉండటంతో నవాయో అనే ఆ తీరంలో దిగడాన్ని అధికారులు నిషేధించారు. పడవవాళ్లు దూరం నుంచి చూపించి వెనక్కి తిప్పేస్తారు. కొండ పైనుంచి చూసే వీలు ఉందో లేదో కూడా బయల్దేరే ముందు కనుక్కోవడం మంచిది. 1980 అక్టోబరులో అక్కడ ఒడ్డెక్కిన ఆ ఓడ పేరు పనాయోటిస్. దొంగ సిగరెట్లు మోసుకెళుతూ చిక్కిందని అందరూ చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ ఫొటోను ఫోనులోనే చూసుకుని, ఆ పూటను మరోచోట ఖర్చు పెట్టుకోవడం మేలు. ద్వీపంలో అంతకన్నా మంచివి చాలా ఉన్నాయి.

మేముండేది జర్మనీలో. వేసవికి మా దగ్గరికి వచ్చిన అత్తగారిని కూడా తీసుకుని ఆగస్టులో వెళ్లాం. ఆవిడది భీమిలి. మాంసం, చేప ముట్టరు, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి, చర్చి అయినా గుడి అయినా చెప్పులు ఎక్కడ విడవాలా అని చూస్తారు. కాబట్టి నేను చెప్పే మంచిచెడ్డలన్నీ ఇలాంటి కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకున్నవే. కుర్రకారు లెక్కలు వేరుగా ఉంటాయి.

చేరుకోవడం కష్టం కాదు. వేసవిలో యూరప్ నగరాల నుంచి నేరుగా విమానాలున్నాయి. ఏథెన్స్ మీదుగా వచ్చేవాళ్లు కిఫిసోస్ బస్టాండులో బస్సెక్కి, కిలిని రేవులో ఫెర్రీ పట్టుకోవచ్చు. సముద్రం దాటడానికి గంటా పావు పడుతుంది. అలసట లేకపోతే ఈ దారే బాగుంటుంది. ఇండియా నుంచి వచ్చేవారికి షెంగెన్ వీసా కావాలి. కారు నడపాలనుకుంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ కూడా తెచ్చుకోవాలి.

ఇక బస. ఈ ద్వీపంలో ఎక్కడ దిగుతారన్నదే సగం యాత్రను తేల్చేస్తుంది. లగనాస్‌లో గదులు లెక్కలేనన్ని, ధరలూ తక్కువే. కానీ రాత్రి తెల్లవార్లూ క్లబ్బుల మోత, వీధి నిండా తాగి తూలే పడుచు జనం. అమ్మానాన్నలతో వెళ్లేవారు ఆ ఊరి వైపు చూడకపోవడమే మంచిది. ఉత్తరాన సిలివి కాస్త నెమ్మది, తీరం లోతు తక్కువ, పిల్లలున్న వాళ్లకు నప్పుతుంది. అయితే వీధి వీధంతా బ్రిటిష్ పర్యాటకుల కోసం కట్టినట్టు ఉండి, గ్రీసులో ఉన్నామనే సంగతి గుర్తుండదు. జకింథోస్ పట్టణంలో దిగితే బస్సులు, రేవు, బజారు అన్నీ కాలినడక దూరమే. కారు లేనివారికి అదే సరైన చోటు.

మేం వాసిలికోస్ వైపు, ఆలివ్ తోటల మధ్య వంటగది ఉన్న చిన్న ఇంట్లో దిగాం. గంజి వార్చుకుని పెరుగన్నం తినే సదుపాయం ఉంటే మా అత్తగారికి ఏ దేశమైనా ఒకటే. ఇంటావిడ మాకు ఇంగ్లిషులో నాలుగు ముక్కలు చెప్పి, మిగతాదంతా చేతులతో చెప్పేది. రోజూ గుమ్మం దగ్గర టమాటాలో, అంజూర పండ్లో పెట్టి వెళ్లేది. లోపాలూ ఉన్నాయి. కుళాయి నీరు కాస్త ఉప్పగా ఉంటుంది, తాగే నీరు కొనుక్కోవాల్సిందే. మరుగుదొడ్డిలో కాగితం వేయకూడదు, పక్కనున్న బుట్టలో వేయాలి. గ్రీసు అంతటా ఇదే పద్ధతి కాబట్టి దాన్ని ఇంటావిడ మీద వేయలేం. గది అద్దె కాకుండా రాత్రికింత అని ప్రభుత్వ రుసుము ఒకటి అక్కడికి వెళ్లాక విడిగా కట్టాలి. బుకింగ్ చేసేటప్పుడు అది చేరిందో లేదో చూసుకోండి.

వాసిలికోస్ ఎంచుకోవడానికి అసలు కారణం గెరాకాస్ తీరం. ద్వీపం దక్షిణాన ఉన్న లగనాస్ అఖాతం మధ్యధరా సముద్రంలో లాగర్‌హెడ్ అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్యమైన చోట్లలో ఒకటి. 1999లో దీన్ని జాతీయ సముద్ర పార్కుగా ప్రకటించారు. గెరాకాస్, దఫ్ని, సెకానియా, కలమాకి, తూర్పు లగనాస్, మరథోనిసి దీవి, ఈ ఆరు తీరాల్లో గూళ్లుంటాయి. వీటిలో సెకానియాకు పర్యాటకులను అసలే రానివ్వరు. తక్కిన చోట్ల సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా తీరం మూసేస్తారు. ఎందుకంటే తల్లి తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కేదీ, పిల్లలు సముద్రం వైపు పరుగు తీసేదీ రాత్రిళ్లే.

గెరాకాస్‌లో మెట్ల దారి దిగుతుంటే వాలంటీర్లు ఎదురై గొడుగు ఎక్కడ పాతవచ్చో, ఎక్కడ పాతకూడదో చెబుతారు. నీటికి దగ్గరగా తడి ఇసుక మీదే దుప్పటి పరచుకోవాలి. వెనకనున్న పొడి ఇసుకలోనే గూళ్లుంటాయి, గొడుగు కర్ర ఒక్కటి చాలు లోపలి గుడ్లు చితకడానికి. గూడు గుర్తించిన చోటల్లా చెక్క చట్రం పెట్టారు. ఒక చట్రం ముందు నుంచి సముద్రం దాకా ఇసుకను చదును చేసి దారి తీశారు. ఆ దారి మీద తెల్లవారుజామున నడిచిన పిల్లల జాడలు ఇంకా చెరగలేదు. సన్నటి గీతలు, అటూ ఇటూ రెక్క పడిన చిన్న చిన్న గుంటలు. వాటిలో ఒకటి దారి తప్పి పక్కకు తిరిగి, మళ్లీ వంకరగా నీటి వైపు వచ్చినట్టు కనిపించింది. మా అత్తగారు అక్కడే గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. మోకాళ్ల నొప్పి గుర్తు రాలేదు.

గూటికి వంద దాకా, ఒక్కోసారి అంతకు పైగా గుడ్లుంటాయి. పొదగడానికి రెండు నెలలు కావాలి. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. బయటికి వచ్చినవి వెలుతురున్న దిక్కుకు పోతాయి. చీకట్లో సముద్రమే తళుకులీనే దిక్కు కాబట్టి వాటి లెక్క సరిగ్గానే ఉంటుంది, హోటల్ దీపాలు వెలగనంత వరకు. అందుకే గెరాకాస్ దగ్గర రాత్రి అంత చీకటిగా ఉంచుతారు. లగనాస్ దీపాలు మాత్రం అఖాతం అవతల నుంచి కూడా కనిపిస్తూనే ఉంటాయి. ఈ విషయంలో చట్టం మాట ఎంతవరకు సాగుతోందో ఎవరికి వారే చూసుకోవచ్చు.

మా విశాఖ తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లేలు, వీటికన్నా బాగా చిన్నవి. అక్కడ అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి, కంచె వేసిన చోట పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. కుక్కల నుంచి, జనం కాళ్ల నుంచి కాపాడాలంటే అక్కడ అదే దారి. గెరాకాస్‌లో గుడ్లను కదపకుండా జనాన్నే కదుపుతున్నారు. ఏది మేలని అత్తగారిని అడిగితే, “మన తీరం రాత్రిపూట మూసేస్తామంటే ఊరుకుంటారేమిటమ్మా జనం?” అన్నారు. ఆవిడ మాటలో నిజముంది.

తాబేళ్లను చూపించే పడవల సంగతి వేరు. లగనాస్, కేరి రేవుల నుంచి రోజంతా తిరుగుతుంటాయి. మేమెక్కిన పడవలో అడుగున అద్దం ఉందన్నారు గానీ నాచు పట్టి ఏమీ కనిపించలేదు. ఒక్క తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి తల పైకెత్తగానే నాలుగైదు పడవలు చుట్టుముట్టాయి. దగ్గరికి వెళ్లకూడదని, ఎక్కువసేపు వెంటాడకూడదని నిబంధనలున్నాయి. మా పడవవాడు వాటిని ఇంగ్లిషులో చదివి వినిపించి, ఆ వెంటనే ఇంజను పెంచాడు. తాబేలు మునిగిపోయింది, పడవలో చప్పట్లు మోగాయి. డబ్బులు దండగ అనను, కానీ మళ్లీ ఎక్కను. మరథోనిసికి వెళ్లాలంటే మాత్రం పడవ తప్పదు. కేరి వైపు నుంచి చిన్న పడవ మాట్లాడుకుంటే గుంపు తక్కువ, దారిలో కేరి గుహలూ, నీళ్లలో నిలబడిన మిజిథ్రెస్ రాళ్లూ చూడవచ్చు.

మఠాల్లో నా ఓటు అనఫొనిత్రియాకే. వాయవ్యాన, ఓడ తీరానికి వెళ్లే దారిలోనే ఉంటుంది. అందరూ ఆ తీరం తొందరలో దీన్ని దాటి పోతారు. రాతి బురుజు కింద గుమ్మం, లోపల ఆలివ్ చెట్లు, చిన్న చర్చి, పూలకుండీలు. ద్వీపాన్ని కాచే దైవంగా కొలిచే సెయింట్ డియొనిసియోస్ చివరి రోజుల్లో ఇక్కడే ఉన్నారు. ఓ రాత్రి ఒకడు పరుగున వచ్చి, హత్య చేశాను, తరుముతున్నారు, దాచమని కాళ్ల మీద పడ్డాడట. చచ్చింది ఎవరని అడిగితే ఆయన సొంత తమ్ముడే అని తేలిందట. ఆయన వాడిని దాచి, సముద్రం దాటించి పంపారని చెబుతారు. 1622లో ఆయన కన్నుమూశారు. అక్కడ ఆ కథ వింటూ మా అత్తగారు, “పోలీసులకు చెప్పాల్సింది” అన్నారు. కాసేపాగి, “కానీ చెప్పలేదుగా, అందుకే దేవుడయ్యాడు” అన్నారు. ఈ మఠానికి దగ్గరలోనే కొండ అంచున క్రిమ్నోన్ సెయింట్ జార్జ్ మఠం ఉంది. సముద్రపు దొంగల భయంతో కట్టుకున్న గుండ్రటి బురుజు ఒక్కటే చాలు అటు తిరగడానికి. రెండు చోట్లా మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. మధ్యాహ్నం వేళ మూసి ఉండే అవకాశం ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి.

ఆ సాధువు భౌతికకాయం పట్టణంలోని పెద్ద చర్చిలో వెండి పేటికలో ఉంది. ఆయన రాత్రిళ్లు లేచి ద్వీపమంతా తిరుగుతారని, అందుకే పాదరక్షలు అరిగిపోయి మార్చాల్సి వస్తుందని ఊరి నమ్మకం. ఆగస్టు 24న, డిసెంబరు 17న ఉత్సవాలు. ఆగస్టు ఉత్సవానికి మేమున్నాం. బ్యాండు మేళం, పూజారులు, ఊరేగింపు, వీధుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజు కారు పెట్టడానికి చోటు దొరకదు, నడిచే ఓపిక ఉంటేనే వెళ్లండి. రోడ్డు పక్క బాణలిలో వేయించి చక్కెర చల్లి అమ్మే రవ్వ ముక్కల పేరు ఫిటూరా. మావారు దాని కోసం రెండోసారి వరుసలో నిలబడ్డారు.

పట్టణంలో పాత భవనాలు దాదాపు లేవు. 1953 ఆగస్టు భూకంపం, దాని వెంట వచ్చిన మంటలు ఊరిని తుడిచిపెట్టాయి. ఇప్పుడున్న తోరణాల వీధులు ఆ తర్వాత పాత పోలికతో కట్టినవి. తెలియకపోతే ఇదంతా వెనిస్ పాలన నాటిదే అనుకుంటాం. సోలొమోస్ చౌకు పేరు గ్రీసు జాతీయ గీతం రాసిన డియొనిసియోస్ సోలొమోస్‌ది, ఆయన 1798లో ఇక్కడే పుట్టారు. ఇంకో కథ నన్ను ఎక్కువ కదిలించింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ద్వీపంలోని యూదుల జాబితా ఇమ్మంటే, బిషప్ క్రిసోస్తొమోస్, మేయర్ లూకాస్ కారెర్ ఆ జాబితాలో తమ రెండు పేర్లే రాసి ఇచ్చారని చెబుతారు. ఊళ్లోని 275 మంది యూదులూ పల్లెల్లో దాక్కుని బతికారు. జర్మనీలో ఉంటూ అక్కడికి వెళ్లిన మాకు అది విని కాసేపు మాట రాలేదు.

బ్లూ కేవ్స్ అనే సముద్రపు గుహలకు ఉత్తర కొసన స్కినారి దగ్గర చిన్న పడవ ఎక్కితే చాలు, పట్టణం నుంచి రోజంతా తిప్పే పెద్ద పడవ అక్కర్లేదు. ఉదయం ఎండలో నీటి అడుగు నుంచి వెలుగు పైకి కొట్టి మనుషుల చేతులు కూడా నీలంగా కనిపిస్తాయి. క్సీగియాలో గంధకపు ఊటలున్నాయి, కుళ్లిన గుడ్డు వాసన, మోకాళ్లకు మంచిదంటారు. అత్తగారు అరగంట కూర్చుని, ఏ తేడా లేదని తేల్చారు. పోర్టో లిమ్నియోనాస్ నీరు అద్భుతం, కానీ ఈత వచ్చిన వారికే. ఇసుక లేదు, రాతి మెట్ల మీంచి నేరుగా లోతులోకి దిగాలి. కేరిలో దీపస్తంభం దగ్గర సూర్యాస్తమయం చూడటానికి ముందుగా వెళ్లకపోతే చోటుండదు. కిందనున్న కేరి సరస్సు దగ్గర తారు ఊరే బావి ఒకటి ఉంది. ఈ ద్వీపంలో చెరువు నుంచి తారు తీయడం తన కళ్లతో చూశానని హెరోడోటస్ రాశాడు.

శాకాహారులకు ఇక్కడ ఆకలి భయం లేదు. టవెర్నాలో, అంటే ఇక్కడి భోజనశాలలో, “నిస్తిసిమో” అని అడిగితే ఉపవాస దినాల వంట చూపిస్తారు. అందులో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. చేపల రసం వేస్తారేమో మాత్రం విడిగా అడగండి. వంకాయను వెల్లుల్లి, వెనిగర్, టమాటాతో వండే స్కోర్దోస్తూంబి ఇక్కడి ప్రత్యేకం. అన్నంలో కలుపుకుంటే మరో కూర అక్కర్లేదు. పెద్ద చిక్కుడు గింజల యిగాండెస్, బియ్యం కూరిన టమాటాలు కూడా బాగుంటాయి. మూటగట్టుకోవడానికి తేనె, నువ్వుల పస్తేలి కొనండి, మన నువ్వుల పట్టీయే అది. బాదం వేసిన మండొలాటో తియ్యదనం మాకు ఎక్కువైంది. తీరం పక్క టవెర్నాల్లో కన్నా కొండ ఊళ్లలో బిల్లు తక్కువ, వంట ఎక్కువ.

కారు విషయం చివరికి. పశ్చిమ కొండ ఊళ్లకు బస్సులు బహు తక్కువ, ఆదివారాలు మరీ. కారు లేకుండా మఠాలు చూడటం దాదాపు కుదరదు. ఆగస్టులో అయితే అద్దె కారును ముందే మాట్లాడుకోండి. మాకు కారిచ్చిన వాళ్లు తిరిగి అప్పగించేటప్పుడు బంపరు మీద గీత ఉందని వాదించారు. తీసుకున్నరోజే నాలుగు వైపులా వీడియో తీసి ఉంచడంతో ఫోను తెరవగానే ఆ మాట ఆగిపోయింది. టైర్లను, కారు అడుగు భాగాన్ని కూడా ఫొటో తీసుకోండి. బీమాలో చాలాసార్లు అవి చేరవు.