ఇంటికి చెద పట్టింది: స్ప్రేనా, డ్రిల్లింగా, ఎరలా? ఏది మేలు?

ముందు పట్టింది చెదేనా అని చూసుకోవాలి. చెక్క కింద సన్నటి పొడి రాలుతూ, గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు కనిపిస్తే అది పుచ్చు. దానికి మందు వేరు, పద్ధతి వేరు. నేలలోంచి వచ్చే చెద గోడ మూల నుంచో ద్వారబంధం పక్క నుంచో పెన్సిల్ మందాన మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి పాకుతుంది. ఆ మట్టిని ఒకచోట గీకి రెండు మూడు రోజులు ఆగండి. మళ్ళీ పూడ్చుకుందంటే లోపల రాకపోకలు సాగుతున్నట్టే. తొలకరికి లైట్ల చుట్టూ మూగే ఉసిళ్ళు కూడా చెదలే. బయటి నుంచి వస్తే టెన్షన్ అక్కర్లేదు, గోడ పగులులోంచో గుమ్మం సందులోంచో వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి.

అందరం మొదట చేసేది కిరోసినో, వేపనూనో, షాపులో దొరికే స్ప్రేనో కొట్టడం. కళ్ళముందున్నవి చస్తాయి, మట్టిలో ఉన్న రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. మిగిలిన చెదలు కప్‌బోర్డ్ వెనక మరో దారి చూసుకుంటాయి. ఇంట్లో కిరోసిన్ చల్లడమంటే నిప్పు భయం కూడా. వీటి మీద డబ్బు ఖర్చు పెట్టొద్దని గట్టిగా చెప్తాను.

అసలు పోటీ డ్రిల్లింగుకీ ఎరలకీ మధ్యే.

కట్టేసిన ఇళ్ళకు చెద మందు ఎలా ఎక్కించాలో ఐఎస్ 6313 అనే భారత ప్రమాణం మూడో భాగం చెప్తుంది. గోడా నేలా కలిసేచోట 300 మి.మీ.కు ఒకటి చొప్పున, అంటే దాదాపు అడుగుకొకటి, 12 మి.మీ. రంధ్రాలు వేయాలి. అవి కింద మట్టి తగిలేదాకా దిగాలి. ఒక్కో రంధ్రంలో లీటరు మందు నీళ్ళు పట్టించాలి. పని చెడేది ఇక్కడే. టైల్ మందం దాటగానే డ్రిల్ ఆపేసి, నాలుగు చుక్కలు పోసి, వైట్ సిమెంట్ పూసేస్తే పైకి అంతా బాగానే కనిపిస్తుంది. కాబట్టి పక్కనే నిలబడి చూడండి.

మందుల్లో నా ఓటు ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీకి (నీళ్ళలో కలుపుకునే చిక్కటి ద్రవం, అందులో అసలు మందు 30.5 శాతం). లీటరు నీటికి 2.1 మి.లీ. చాలు, వాసన పెద్దగా ఉండదు. అది మట్టిలో ఉన్నట్టు చెదకు తెలియదు, అందులోంచే నడిచి, ఒంటికి అంటించుకుని తోటి చెదలకూ పూస్తుంది. బైఫెంత్రిన్ అనే మరో మందు అయితే చెదను దూరంగా తరుముతుంది, ఒకచోట మందు పడకపోతే ఆ సందే దానికి దారవుతుంది.

ఎరల పద్ధతిలో ఇంటి చుట్టూ నేలలో డబ్బాలు పాతి, చెదకు ఇష్టమైన మేతలో క్లోర్‌ఫ్లూజురాన్ లాంటి మందు కలిపి పెడతారు. అది తిన్న చెద కొత్త చర్మం కట్టుకోలేక చస్తుంది. టైల్స్ చెడవు, మట్టిలోకి మందు దాదాపు పోదు. కానీ నెలలు పడుతుంది, మధ్యమధ్యలో డబ్బాలు తెరిచి చూస్తూ మేత మారుస్తుండాలి. ఇంకో పెద్ద చిక్కుంది. మన దగ్గర పుట్టలు పెట్టే ఓడోంటోటెర్మిస్ జాతి చెదలు పుట్టలో బూజు పెంచుకుని తింటాయి. బూజు పెంచకుండా నేరుగా చెక్కనే తినే కాప్టోటెర్మిస్ జాతి చెదల మీద పనిచేసినంత బాగా ఎరలు వీటి మీద పనిచేయవు.

అందుకే నేల మీద కట్టిన సొంత ఇంటికి డ్రిల్లింగే మేలు. గోడ పక్కనే తాగునీటి బావి ఉంటే మాత్రం ఎరలే పెట్టించుకోండి, ఆలస్యమైనా సరే. మూడో అంతస్తు ఫ్లాట్‌లో నేల డ్రిల్ చేసి లాభం లేదు, అక్కడ కింద మట్టి ఉండదు. ద్వారబంధాలకు, కప్‌బోర్డులకు మందు ఎక్కించి, కింద భవనం చుట్టూ మట్టికి అసోసియేషన్ చేత చేయించాలి. బాత్రూమ్ గోడ చెమ్మ ఆగకపోతే ఏ పద్ధతైనా సగమే పనిచేస్తుంది, ముందు ఆ లీకేజీ చూసుకోండి. ఇల్లు ఇంకా పునాదిలోనే ఉంటే ఈ మూడూ వదిలేయండి. గచ్చు వేసేముందే మట్టికి చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున మందు పట్టించండి.