దుబాయిలో పాపకు ఏ స్కూలు మేలు: సీబీఎస్ఈనా, ఐబీనా?

మా మరిదికి, అంటే చెల్లెలి భర్తకు, దుబాయిలో ఉద్యోగం ఖాయమైంది. పాపకు ఆరో ఏడు. వీసా కాగితాలు ఇంకా చేతికి రాలేదు గానీ స్కూలు పంచాయితీ అప్పుడే మొదలైంది. "అక్కా, నువ్వు ఆరేళ్లు ఆడ ఉండొచ్చినావు కదా, ఏది మంచిదో చెప్పు" అని మా చెల్లెలు రోజూ ఫోను. వాళ్లత్తేమో పాపను తిరుచానూరులో తన దగ్గరే వదిలి పొమ్మంటోంది. అవ్వ దగ్గర తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది, కాదనను. కానీ ఏడాదికోసారి సెలవులకొచ్చే అమ్మ ఆ వయసు పిల్లకు చుట్టం అయిపోతుంది. ఆ మాట నేను అక్కడే ఆపేశాను.

మిగిలినవి రెండు: మన సీబీఎస్ఈ, లేదంటే ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలోరియేట్ అనే అంతర్జాతీయ చదువు పద్ధతి. అక్కడి ఇండియన్ స్కూళ్లలో ఎక్కువ భాగం సీబీఎస్ఈవే. ఏప్రిల్‌లో తరగతులు మొదలు, మార్చిలో పరీక్షలు. మావాడు మార్చిలో అక్కడ నాలుగు పూర్తి చేసి, తిరుపతికొచ్చి ఐదులో చేరాడు. లెక్కల్లో, సైన్సులో ఒక్క పాఠం కూడా పోలేదు. అదే ఐబీ, బ్రిటిష్ స్కూళ్లయితే ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలవుతాయి. మధ్యలో ఇంటికి రావాల్సి వస్తే కొన్ని నెలల చదువు అటూ ఇటూ కాకుండా పోతుంది.

మావాడు ఇరుక్కుంది తెలుగులో. ఇంట్లో గలగలా మాట్లాడేవాడు. మొదటి వారంలోనే టీచరు లేపి చదవమంటే 'పడవ'ను 'వడప' అని చదివాడు. క్లాసంతా నవ్వు. వాడి అక్కడి స్కూల్లో హిందీ ఉంది, మలయాళం ఉంది, అరబిక్ తప్పనిసరి, తెలుగు మాత్రం లేదు. అక్కడి ప్రైవేటు స్కూళ్లలో అరబ్బులు కాని పిల్లలూ తొమ్మిదో తరగతి దాకా అరబిక్ చదవాల్సిందే, అది సీబీఎస్ఈ అయినా ఐబీ అయినా.

ఐబీ పుట్టిందే దేశాలు మారే కుటుంబాల పిల్లల కోసం. 1968లో జెనీవాలో మొదలైంది. దుబాయి నుంచి సింగపూరుకు బదిలీ అయినా చదువు పద్ధతి అదే. చివరి రెండేళ్ల డిప్లొమాలో ఆరు సబ్జెక్టులుంటే అందులో రెండు భాషలు. తన భాష చెప్పే టీచరు స్కూల్లో లేకపోయినా, ఆ భాష సాహిత్యాన్ని సొంతంగా చదువుకుని పరీక్ష రాసే ఏర్పాటు కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో మన సీబీఎస్ఈ కన్నా వాళ్లే నయం అనిపిస్తుంది.

చదువు చెప్పే తీరూ వేరే. మా పక్క ఫ్లాట్ పాప ఐబీలో నాలుగు. ఒక సాయంత్రం నోట్‌బుక్కు పట్టుకొచ్చి, "ఆంటీ, మీ కుళాయి నీళ్లు ఎక్కడివో తెలుసా?" అని అడిగింది. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి పైపుల్లో ఎలా పంపుతారో బొమ్మ గీసి మరీ చెప్పింది. అప్పుడు మావాడు లోపల పదహారో ఎక్కం పదోసారి రాస్తున్నాడు. కుళ్లుకున్నాను, అబద్ధమెందుకు.

అయినా చెల్లెలికి సీబీఎస్ఈనే చెప్పాను. మొదటి కారణం డబ్బు. ఐబీ ఫీజు ఇండియన్ స్కూలుకు ఎన్నో రెట్లు. కంపెనీ ఇస్తుందంటారు. ఎన్నేళ్లు ఇస్తుందో ఆఫర్ లెటర్‌లో చూడమన్నాను. చూస్తే రెండేళ్లే!

రెండోది, మా మరిది అప్పుడే పాపను డాక్టర్ని చేసేశాడు. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. ఐబీ డిప్లొమాలో మూడు సైన్సులు కలిపి తీసుకోవడం మామూలుగా కుదరదు, ప్రత్యేక అనుమతి అడగాలి. పైగా ఆ పరీక్షలూ మేలోనే, నీటూ మేలోనే. ఆ టెన్షన్ ఎవరు పడతారు? ఇంకా మన రాష్ట్ర కోటా మెడికల్ సీట్లలో 85 శాతం స్థానికులకే. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా ఈ ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతంలో చదివారా అనేదే అందులో ముఖ్యమైన కొలత. అంటే తొమ్మిదో తరగతికల్లా ఊరికి చేరాలి. అలా రావాలనుకునేవాళ్లకు సీబీఎస్ఈ దారి సులువు. ఇక వెనక్కి రాం, పిల్ల యూరప్‌లోనో అమెరికాలోనో కాలేజీ చదువుతుంది, ఫీజు కంపెనీదే అన్నవాళ్లయితే నేను ఐబీనే చెప్పేదాన్ని.

"ఐబీలో అయితే నాలుగు భాషలొస్తాయంట కదక్కా" అని ఇంకా లాగుతోంది. మన కుప్పం పిల్లలకు తెలుగు, తమిళం, కన్నడం వీధిలోనే వస్తాయి, ఏ బోర్డూ లేదు, ఫీజూ లేదు. దుబాయిలో తెలుగు చుట్టూ ఉండదు, అంతే తేడా. మా చిన్నదానికి ఊరుబిండి అక్కడ 'పీనట్ చట్నీ' అయిపోయింది. సంగటిలోకి అది లేనిదే ముద్ద దిగని మా అమ్మ ఫోన్‌లో ఆ మాట విని ఎంత నొచ్చుకుందో.

ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది. అందాకా పాపను రోజూ సాయంత్రం స్కూటీ మీద లీలామహల్ సెంటరు దాకా తీసుకెళ్తున్నాను, దారిలో బోర్డులు చదివించడానికి. నిన్న 'పాల కోవా' సరిగ్గా చదివింది. కొనివ్వక తప్పలేదు.