యాంటీబాడీలున్న పేషెంట్‌కి రక్తం కావాలంటే బెంగళూరులో ఈ బ్లడ్ సెంటర్‌కి రండి

మా అమ్మది మామూలు బి పాజిటివే, అయినా ఆమెకి సరిపడే యూనిట్ దొరకడం మాకు ప్రతిసారీ పెద్ద టెన్షన్. ఎండీఎస్ అనే మజ్జ జబ్బు వల్ల తరచూ రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించగా ఎక్కించగా, దాతల ఎర్ర రక్తకణాల మీద ఉండే చిన్న సి (ఇంగ్లీషు చిన్న అక్షరం c), జేకే-ఎ అనే యాంటిజెన్లకి, అంటే గుర్తుల్లాంటివాటికి, అమ్మ ఒంట్లో వాటిమీద దాడి చేసే యాంటీబాడీలు తయారయ్యాయి. ఇక గ్రూప్ కలిస్తే చాలదు, ఆ రెండూ లేని దాత కావాలి. మన దేశంలో చిన్న సి లేనివాళ్లు సుమారుగా పదిమందిలో నలుగురు, జేకే-ఎ లేనివాళ్లు ఐదుగురిలో ఒకరు. రెండూ లేనివాళ్లంటే వందకి సుమారు ఎనిమిది మంది, వాళ్లలో మళ్లీ బి గానీ ఓ గానీ వెతకాలి. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే అందరూ అరుదైన బాంబే గ్రూపా అని అడిగారు. 1952లో బయటపడ్డ ఆ గ్రూప్ పేరు చాలామందికి తెలుసు గానీ యాంటీబాడీల సంగతి ఎవరూ విననే లేదు.

ఇంతకుముందు వేరే చోట (పేరు చెప్పను) యాంటీబాడీ స్క్రీనింగ్ నెగెటివ్, క్రాస్‌మ్యాచ్ (దాత రక్తంతో కలిపి చూసే టెస్ట్) కుదిరింది అని ఎక్కించేశారు. పాత రిపోర్టులున్నాయా అని ఎవరూ అడగలేదు. వారం దాటేసరికి అమ్మ కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం నల్ల టీ రంగులో వచ్చింది, పెరిగిన హిమోగ్లోబిన్ మళ్లీ పడిపోయింది. ఎందుకలా అయిందో ఇక్కడి డాక్టర్ గారే కూర్చోబెట్టి చెప్పారు: జేకే-ఎ యాంటీబాడీ కొన్ని నెలల్లో టెస్టుకి అందనంత తగ్గిపోతుందట, ఆ యాంటిజెన్ ఉన్న రక్తం మళ్లీ పడితే కొద్ది రోజుల్లోనే విజృంభించి ఆ కణాల్ని పగలగొట్టేస్తుందట. అందుకే ఇవాళ్టి రిపోర్ట్ నెగెటివ్ అయినా పాత పాజిటివ్‌నే లెక్కలోకి తీసుకోవాలి. యాంటీబాడీల పేర్లు రాసిన కార్డు ఒకటి ఇచ్చి, ఏ ఆస్పత్రికెళ్లినా ముందు ఇది చూపించమ్మా అన్నారు. ఆ కార్డు కోసమైనా ఇక్కడికి రావచ్చు.

తోబుట్టువుల్ని కూడా టెస్ట్ చేద్దామని వాళ్లే అన్నారు. హిందూపురం నుంచి మామయ్య వచ్చి శాంపిల్ ఇస్తే సరిపోయింది! సొంత తమ్ముడి రక్తం కాబట్టి రేడియేషన్ ఇచ్చాకే ఎక్కించారు, దగ్గరి బంధువుల రక్తంలోని తెల్లకణాలు పేషెంట్ ఒంటి మీదే దాడి చేసే ప్రమాదం ఉంటుందట. ఈ సంగతి మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రాత్రిపూట ఫోన్ ఎత్తరు. బిల్లు మామూలు క్రాస్‌మ్యాచ్ కంటే బాగా ఎక్కువ, ముందే అడిగి తెలుసుకోండి. పార్కింగ్ లేదు. రిపోర్ట్ ఇంగ్లీషులోనే ఇస్తారు, కానీ ల్యాబ్‌లో తెలుగు తెలిసిన అమ్మాయి ఉంది, ఎంత ఓపికో ఆమెకి, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కోలేదు.

వచ్చేవాళ్లు శాంపిల్ పొద్దున్నే ఇవ్వండి, ఏ యాంటీబాడీలున్నాయో తేల్చే ప్యానెల్ టెస్టుకి గంటలు పడుతుంది. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే శాంపిల్ మూడు రోజులకే పనికొస్తుంది, తర్వాత కొత్తది ఇవ్వాలి. బి గానీ ఓ గానీ గ్రూప్ వాళ్లు ఎవరైనా బెంగళూరులో ఉంటే, ఒకసారి ఇక్కడ యాంటిజెన్ టైపింగ్ చేయించుకుని దాతల లిస్టులో పేరు రాయించండి. అమ్మకి వచ్చే నెల మళ్లీ ఎక్కించాలి, మామయ్య అప్పుడే మళ్లీ ఇవ్వకూడదు.