బెష్‌రెల్ క్రియల పుస్తకం: ఫ్యుతుర్ ఆంతేరియర్ నేర్చుకోడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఫ్రెంచి క్రియారూపాల పుస్తకం కావాలంటే ఎవరైనా ముందు చెప్పే పేరు బెష్‌రెల్. 19వ శతాబ్దపు వ్యాకరణవేత్త లూయీ నికొలా బెష్‌రెల్ ఇంటిపేరే దానికి పేరైపోయింది. ఇప్పుడు ఆతియే సంస్థ ప్రచురిస్తోంది. ఇక్కడ చూస్తున్నది ఆ వరసలోని 'లా కోఁజ్యుగేజోఁ పూర్ తుస్'. 12,000 క్రియల సూచిక, నమూనా క్రియల పట్టికలు, క్రియ గురించిన వ్యాకరణ భాగం, అంతా ఫ్రెంచిలోనే. ఇంత పుస్తకాన్నీ ఒకేసారి తూచే కంటే ఒక్క కాలాన్ని పట్టుకుని చూస్తే దాని బలం, లోపం రెండూ తెలుస్తాయి. అందుకు ఫ్యుతుర్ ఆంతేరియర్ సరిగ్గా సరిపోతుంది. రేపు ఫలానా వేళకి ఒక పని అయిపోయి ఉంటుందని చెప్పే కాలం అది.

పట్టికల అమరిక బాగుంటుంది. ప్రతి సాధారణ కాలం పక్కనే దాని సంయుక్త కాలం ఉంటుంది. ఫ్యుతుర్ సేఁప్ల్ (మామూలు భవిష్యత్తు) పక్కన ఫ్యుతుర్ ఆంతేరియర్ చూడగానే కిటుకు అర్థమైపోతుంది: సహాయక క్రియని భవిష్యత్తులో పెట్టి, అసలు క్రియకి పార్తిసీప్ పాసే (ఇంగ్లీషు పాస్ట్ పార్టిసిపుల్ లాంటి రూపం) తగిలించడమే. సహాయక క్రియలు రెండు: ఆవ్వార్ (కలిగి ఉండు), ఎత్ర్ (ఉండు). ఆవ్వార్ అయితే ఓరే, ఓరా, ఓరా, ఓరోఁ, ఓరే, ఓరోఁ. ఎత్ర్ అయితే సెరే, సెరా, సెరా, సెరోఁ, సెరే, సెరోఁ. ఈ పన్నెండు రూపాలు వచ్చాయంటే మిగిలేది పార్తిసీప్ ఒక్కటే. నిజానికి ఫ్యుతుర్ సేఁప్ల్ కంటే ఇదే సులువు. అక్కడ ఆలే (వెళ్లు)కి ఇరే, వెనీర్ (వచ్చు)కి వియేఁద్రే, వ్వార్ (చూచు)కి వెరే అని ధాతువు మారిపోతూ ఉంటుంది. ఇక్కడ ఆలే, వెన్యు, వ్యు అనే పార్తిసీప్‌లు పాసే కోఁపోజే (సంయుక్త భూతకాలం) నేర్చుకున్నప్పుడే వచ్చేసి ఉంటాయి.

పైన ఒక్కో సహాయక క్రియకి రాసిన ఆరు రూపాలు చదివితే మూడే శబ్దాలు వినిపిస్తాయి. కాగితం మీద మాత్రం ఆరూ వేరువేరు స్పెల్లింగులు. పట్టికల్లో ఉచ్చారణ ఇవ్వరు కాబట్టి పుస్తకం ముందేసుకుని ఒంటరిగా చదివేవాళ్లు రాతని బట్టి పలకడం మొదలుపెడతారు. వినికిడి పరీక్షలో అది దెబ్బ తీస్తుంది. ఆడియో మీరే వేరే వెతుక్కోవాలి.

అసలు చిక్కు నమూనా పట్టికలతో వస్తుంది. సూచికలో ప్రతి క్రియ పక్కన ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు పట్టికలో ఉన్న క్రియలాగే మన క్రియనీ మార్చుకోవాలి. ఆరివే (చేరుకొను) అన్న క్రియకి ఎమే (ప్రేమించు) నమూనా. పట్టిక తీస్తే 'జోరే ఎమే' అని ఉంటుంది ('నేను' అనే జె, ఓరేతో కలిసి జోరే). దాన్ని చూసి 'జోరే ఆరివే' అని రాస్తే తప్పు, 'జె సెరే ఆరివే' అనాలి. తోఁబే, రెస్తే, ఆఁత్రే కూడా ఇదే కోవలోవి. ప్రత్యయాలు నమూనా క్రియవే వాడతాం, సహాయక క్రియ మాత్రం దాన్నుంచి తీసుకోకూడదు. ఎత్ర్ వాడాలన్న గుర్తు సూచికలోనే ఉంటుంది. కంగారులో నంబరు చూసి పేజీ తిప్పేసేవాళ్లకి అది కంటబడదు. కాబట్టి ఈ కాలం వరకూ పట్టికల కన్నా సూచికే విలువైనదని నా అభిప్రాయం. ముందు సహాయక క్రియ గుర్తు చూసి, తర్వాత నంబరు చూసి, ఆ పట్టికలో పార్తిసీప్ ఒక్కటే తీసుకుంటే చాలు.

రెండు సహాయక క్రియలూ పట్టే క్రియలు ఇంకో తలనొప్పి. సోర్తీర్, మోఁతే, దెసాఁద్ర్, రాఁత్రే, పాసే, రెతుర్నే. నేరుగా కర్మ తీసుకుంటే ఆవ్వార్, లేకపోతే ఎత్ర్. 'ఎల్ సెరా సోర్తి' అంటే ఆమె బయటికి వెళ్లి ఉంటుంది. 'ఎల్ ఓరా సోర్తి లా పుబెల్' అంటే చెత్తబుట్ట బయట పెట్టి ఉంటుంది. మొదటి దాంట్లో కర్త ఆడమనిషి కాబట్టి సోర్తి చివర 'e' అక్షరం చేరుతుంది, రెండో దాంట్లో చేరదు. పుస్తకం రెండిటినీ గుర్తిస్తుంది. ఎప్పుడు ఏది అన్న వివరణ మాత్రం వ్యాకరణ భాగంలో ఉంటుంది. పట్టిక ఒక్కటే నమ్ముకుంటే తేలదు.

పార్తిసీప్ అకార్ (లింగ వచనాలకి తగ్గట్టు మారడం) నియమాలు కూడా వ్యాకరణ భాగంలోనే చదవాలి. ఆవ్వార్‌తో వచ్చినా కర్మ ముందుకొస్తే పార్తిసీప్ మారుతుంది: 'లే లెత్ర్ కె జోరే ఎక్రిత్', నేను రాసి ఉండే ఉత్తరాలు. ఎక్రిత్‌లో చివరి త వినిపిస్తుంది కాబట్టి ఇక్కడ తప్పు చెవికే తెలిసిపోతుంది. 'ఎల్ సె సెరా లావే' (ఆమె ఒళ్లు కడుక్కుని ఉంటుంది)లో స్త్రీలింగం 'e' చేర్చాలి. 'ఎల్ సె సెరా లావే లే మేఁ'లో చేర్చకూడదు, ఎందుకంటే కడుక్కున్నది చేతులు, కర్మ వెనకాల ఉంది.

రాతలో ఎక్కువగా మార్కులు పోయే చోట్లు రెండు. మొదటిది, జోరే చివర అనవసరంగా 'ఎస్' పెట్టడం. అది పెట్టగానే వాక్యం కోఁదిస్యోనెల్ పాసేలోకి జారిపోయి 'చేసి ఉండేవాణ్ణి' అనే అర్థం వస్తుంది. అనుమానం వచ్చినప్పుడు కర్తని 'ను' (మేము)గా మార్చి చూడండి. 'ను ఓరోఁ' (పలికేది 'నుజోరోఁ') సరిపోతే ఎస్ వద్దు, 'ను ఓరియోఁ' (పలికేది 'నుజోరియోఁ') సరిపోతే ఎస్ కావాలి. రెండోది, పార్లే, ఫెర్మే వంటి క్రియల్లో పార్తిసీప్‌కి బదులు 'ఆర్'తో ముగిసే మూల రూపం రాసేయడం. రెండూ పలకడానికి ఒకటే. అక్కడ వాఁద్ర్ (అమ్ము) క్రియ పెట్టి చూడాలి. వాఁద్యు కుదిరితే పార్తిసీప్, అంటే అక్సాఁ ఎగ్యు (é మీది గీత) పెట్టాలి. ఫ్రాన్స్ బడిపిల్లలు కూడా ఇలాగే సరిచూసుకుంటారు. ఈ రెండు తప్పుల్నీ ఏ పట్టికా ఆపలేదు. పట్టిక సరైన రూపం చూపిస్తుంది గానీ మనం దేనితో పొరబడతామో చెప్పదు.

వాడుక విషయానికొస్తే పుస్తకం క్లుప్తంగా తేల్చేస్తుంది. తెలుగువాళ్లకి అసలు అవసరం అక్కడే. ఒక వాడుక మనకి ఊరికే వచ్చేస్తుంది: 'ఇల్ ఓరా ఉబ్లియే' అంటే మరిచిపోయి ఉంటాడు. జరిగిపోయిన దాని గురించి ఊహ. తెలుగులో 'ఉంటాడు' చేసే రెండు పనులూ ఫ్రెంచిలో ఈ కాలమే చేస్తుంది కాబట్టి, 'ఆ విత్ ఎర్, జోరే ఫిని', ఎనిమిదింటికి ముగించి ఉంటాను, అన్నది కూడా కష్టం కాదు. తడబాటంతా 'అప్పుడు', 'అయ్యాక' లాంటి అర్థాలిచ్చే కాఁ, దె కె, లోర్స్‌కె, ఉన్ ఫ్వా కె తర్వాత వస్తుంది. 'పని అయ్యాక ఫోన్ చేస్తాను' అని మనం హాయిగా అనేస్తాం. ఇంగ్లీషులోనూ అక్కడ భవిష్యత్తు రాదు. ఫ్రెంచిలో మాత్రం 'కాఁ జోరే ఫిని, జె తాపెల్రే' అనాల్సిందే. ముఖ్య వాక్యం భవిష్యత్తులో ఉండి, దానికంటే ముందు జరగాల్సిన పని కాఁ తర్వాత వస్తే ఫ్యుతుర్ ఆంతేరియర్ పెట్టాలి. ఈ వాక్యం అద్దంలా గుర్తుంటే చాలు, మిగతావి దాని మీద కట్టుకోవచ్చు.

షరతు చెప్పే 'సి' తర్వాత ఇది రాదు. 'సి త్యు ఆ ఫిని' అని పాసే కోఁపోజే వాడాలి. 'అవునో కాదో' అనే అర్థంలో వచ్చే సి తర్వాత మాత్రం రావచ్చు: 'జె నె సే పా సిల్ ఓరా ఫిని'. ఆవాఁ కె (అంతకు ముందు) తర్వాత సుబ్‌జోఁక్తిఫ్ అనే వేరే క్రియారూపం వస్తుంది, ఆప్రే కె (ఆ తర్వాత) తర్వాత ఇదే వస్తుంది. నిరాకరణలో 'జె నోరే పా ఫిని', ప్రశ్నలో 'ఓరా త్యు ఫిని?'. పా ఎప్పుడూ సహాయక క్రియకి, పార్తిసీప్‌కి మధ్యలోనే ఉండాలి.

అభ్యాసాలు ఈ పుస్తకంలో ఉండవు. ఇంటర్‌లో ఫ్రెంచి సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్నవాళ్లకి ఇదొక్కటే చాలదు, పక్కన అభ్యాసాల పుస్తకం ఒకటి ఉండాలి. కెనడా కోసం టెఫ్ అనే ఫ్రెంచి పరీక్ష రాసేవాళ్లకీ, డెల్ఫ్ అనే ఫ్రెంచి పరీక్షలో బి1, బి2 స్థాయిలు రాసేవాళ్లకీ రాతపని సరిదిద్దుకునేటప్పుడు చేతికందేలా ఉంటే మేలు. పట్టికలు మాత్రమే కావాలంటే డబ్బు పెట్టక్కర్లేదు. రెవెర్సో, వర్డ్‌రెఫరెన్స్, ఫిగారో పత్రిక నడిపే ల కోఁజ్యుగర్ వంటి సైట్లలో అడిగిన క్రియకే పట్టిక వస్తుంది, నమూనా క్రియ గొడవ లేదు. ఆరివే కొడితే 'జె సెరే ఆరివే' అనే చూపిస్తాయి. ఆ ఒక్క విషయంలో అవే నయం. పుస్తకం కొనడానికి కారణం వ్యాకరణ భాగం, సూచిక. పాత ఎడిషన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే సంకోచం లేకుండా తీసుకోవచ్చు, ఈ కాలం ఏర్పడే తీరులో మార్పేమీ రాలేదు. పట్టికల నంబర్లు మాత్రం ఎడిషన్‌కీ ఎడిషన్‌కీ మారుతుంటాయి, అందుకని పక్కవాళ్ల నోట్సులోని నంబరుతో మీ పుస్తకంలో వెతక్కండి.