గాలి కయాక్‌కి నాలుగు స్టార్లు, పెన్నలోకి దిగే దారికి ఒక్కటీ లేదు

రెండు సీట్ల గాలి కయాక్ ఇది, అంటే గాలి నింపి తెడ్డుతో నడిపే చిన్న పడవ. ఆన్‌లైన్లో తెప్పించుకొని నెల్లూరు బ్యారేజీ ఎగువన నిలిచే నీళ్లలో, గేట్లకు బాగా దూరంగా వాడుతున్నాను.

పక్కలకు రెండు, అడుగున ఒకటి, మొత్తం మూడు గాలి అరలు. ఒకటి పోయినా మిగతా రెండూ ఒడ్డు చేరేదాకా తేలుస్తాయి. మన ఎండకు లోపలి గాలి ఉబ్బి అతుకులు బిగుసుకుంటాయి కాబట్టి ఒడ్డున పెట్టినప్పుడు కాస్త గాలి తీసేయాలి. పడవ నేరుగా పోయేలా అడుగున తగిలించే ఫిన్ (రెక్క) లోతు నీళ్లలో బాగా పనికొస్తుంది గానీ, ఇసుక మేటల దగ్గర నేలకు తగులుతుంది, గుర్రపు డెక్క చుట్టుకుంటుంది. అక్కడ ఊడదీసి తెడ్డుతోనే దారి పట్టించడం మేలు. తెడ్డు మధ్యలో జాయింటు వదులు. స్టార్ తగ్గించింది అందుకే.

పంక్చర్ ఒకటి పడింది, అదీ నీళ్లలో కాదు. రోడ్డు దిగి ఏటి దగ్గరికి పోవాలంటే సర్కారు తుమ్మల మధ్య నుంచే నడవాలి. మోసుకెళ్తుంటే పక్క అరలో ముల్లు దిగింది. ప్యాచ్ వేస్తే నిలిచింది. దీనికి కంపెనీని ఏమంటాం? ముళ్లు దాటినా ఇసుక తోడేసిన గుంటలున్నాయి. థర్మాకోల్ తెప్ప మీద వల వేస్తున్న పెద్దాయన "అబ్బయా, ఆడ దింపబాక, గుంట ఉండాది" అని కేకేశాడు. పైనుంచి చూస్తే ఆ లోతు తెలియనే తెలియదు. మోకాలి లోతులో నడిచే మనిషి మరుసటి అడుగులో మునిగిపోతాడు.

మెట్లు కట్టడం మనకు తెలియని పనా? నెల్లూరులోనే స్వర్ణాల చెరువు ఘాట్‌లో రొట్టెల పండక్కి లక్షల మంది నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన బ్యారేజీ దగ్గర కూడా ఊరి వైపు ఒక వాలు ర్యాంపు, లోతు చెప్పే బోర్డు, గేట్ల వైపు పోకుండా నీళ్లకు అడ్డంగా తేలే తాడు ఉండాలి. కయాక్ వాళ్ల కోసమే కాదు, వల వేసేవాళ్లకూ ఆ దారి కావాలి. హిమాచల్‌లో బియాస్ ఒడ్డున రిసార్టుకిచ్చిన లీజును రద్దు చేస్తూ 1996లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: నదులు ప్రజలవి, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే.

కొనేవాళ్లు లైఫ్ జాకెట్లు, అదనపు ప్యాచ్‌లు, కింద పరవడానికి మందపాటి టార్పాలిన్ విడిగా తీసుకోండి. గేట్ల దిగువన తెల్లటి నురగ చూసి సరదా పడొద్దు. అక్కడ పడిన నీరు అడుగుకు పోయి, పైకి లేచి, మళ్లీ గేట్ల వైపే తిరుగుతుంది. అందులో చిక్కితే లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడడం కష్టం. ఎగువన సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదులుతున్నారంటే అసలు దిగొద్దు.