పదహారు అడుగుల ట్రైలర్, నలుగురు మనుషులు: కొన్నేళ్లు వాడాక

మాది కారు వెనక తగిలించి లాక్కెళ్లే క్యాంపింగ్ ట్రైలర్, లోపలే మంచాలు, వంట, బాత్రూం. పిల్లలిద్దరూ నా భుజాల దాకా ఎదిగారు, అయినా పెద్ద ట్రైలర్ కొనాలని మాకింకా అనిపించలేదు. చిన్నదైతే బయల్దేరడానికి బద్ధకం ఉండదు, అంతే. శుక్రవారం సాయంత్రం అనుకుంటే కాసేపట్లో కారుకి తగిలించి రోడ్డెక్కేయొచ్చు, చెట్ల మధ్య ఇరుకు క్యాంప్ సైట్లో కూడా పట్టేస్తుంది, రివర్స్ చేసేటప్పుడు ఇంట్లోవాళ్లతో గొడవ కూడా తక్కువే. (స్టీరింగ్‌ని కింద పట్టుకోండి, చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ వెనక భాగం అటు వెళ్తుంది.)

భోజనాల బల్ల దించి కుషన్లు పరిస్తే మంచం అయిపోతుందని అమ్మేవాళ్లు చెప్తారు, నిజమే, కానీ రోజూ రాత్రి దించి పొద్దున్నే ఎత్తడం రెండో రోజుకే విసుగొస్తుంది. మేం దాన్ని మంచంగానే వదిలేస్తాం. తిండీ, పేకాటా, పోట్లాటలూ అన్నీ బయట ఆనింగ్ (ట్రైలర్ పక్కన పరిచే గుడ్డ పందిరి) కిందే. పడుకునేముందు మాత్రం ఆనింగ్ చుట్టేయాల్సిందే, అర్ధరాత్రి గాలి లేస్తే రాడ్లు వంగిపోతాయి.

వాన పడితే అసలు కథ మొదలవుతుంది. ఒకరు లేస్తే మిగతా ముగ్గురూ కాళ్లు ముడుచుకోవాలి. అంతకంటే పెద్ద తలనొప్పి తేమ: నలుగురి ఊపిరికి తెల్లారేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి, పరుపు ఎత్తి చూస్తే కింద ప్లైవుడ్ చెమ్మగా తగులుతుంది. ఎంత చలైనా పైకప్పులో గాలాడే వెంట్‌నీ, ఒక కిటికీనీ వేలెడంత తెరిచే ఉంచుతాం. వెచ్చదనం కోసం వంట స్టవ్ వెలిగించడం మాత్రం వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలకే ముప్పు. ఆ గ్యాసుని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో ప్రతిసారీ బటన్ నొక్కి చూస్తాను.

బ్రోషర్‌లో వేసే ఖాళీ బరువుని నమ్ముకుని కారుని లెక్కేయకండి. నీళ్లు లీటరుకి కిలో, వంద లీటర్ల ట్యాంకు నింపితే అక్కడే వంద కిలోలు, ఆపైన గ్యాసు, బ్యాటరీ, కుర్చీలు, పిల్లలు చెప్పకుండా ఎక్కించే రాళ్లూ రప్పలూ. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారుకి ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి. బరువంతా వెనక్కి పోయి అది తగ్గిందా, స్పీడులో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. అందుకే బరువైనవన్నీ నేల మీద, ఇరుసుకి కాస్త ముందుకి సర్దుతాం.

సైట్‌కి చేరాక కారు నుంచి ట్రైలర్ విప్పకముందే పక్కల వాలు చూసుకుని, పల్లంలో ఉన్న చక్రం కింద దిమ్మ పెట్టి, రెండు వైపులా అడ్డు చెక్కలు వేయండి. ముందూ వెనకా ఎత్తు సంగతి తర్వాత ట్రైలర్ ముందు భాగంలో ఉండే జాకీతో సరిచేసుకోవచ్చు. మూలల్లో ఉండే సన్న జాకీలు ఊగకుండా ఆపడానికే, వాటితో బండిని లేపితే ఫ్రేమ్ దెబ్బతింటుంది. మా ఫ్రిజ్ గ్యాస్‌తో నడిచే రకం, బండి వాలుగా ఉంటే చల్లబడనని మొండికేస్తుంది.

క్యాసెట్ టాయిలెట్ (కింది డబ్బా బయటికి లాగి ఖాళీ చేసే రకం) ఖాళీ చేసే డ్యూటీ నాదే, దాని గురించి ఇంతకంటే చెప్పను. ఏటా పైకప్పు అతుకుల దగ్గర సీలెంట్ చూసుకుంటే చాలావరకు లీకులు తప్పుతాయి.

కొనాలనుకునేవాళ్లు షోరూంలో ఇంటిల్లిపాదీ ఒకేసారి లోపలికెక్కి తలుపేసుకోండి. ఒకరు వంట దగ్గర నిలబడండి, ఒకరు బాత్రూంకి వెళ్లండి, పొడుగాయన చెప్పులిప్పి మంచం మీద పూర్తిగా కాళ్లు చాపాలి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి.